గడువు లేని వాయిదా

తెలుగులో మనం నిత్యం వాడే 'వాయిదా' అనే మాట అరబీ నుండి ఉర్దూ మీదుగా మనకు చేరింది. దాని మూలంలో ఉన్నది 'వఅద్', అంటే వాగ్దానం. శిస్తు వాయిదా, అప్పు వాయిదా, కోర్టు వాయిదా అన్నప్పుడు ఆ మూలార్థం ఇంకా సజీవంగానే ఉంటుంది. ఫలానా తేదీకి ఫలానా పని జరుగుతుందని ఒకరు మరొకరికి మాట ఇస్తున్నారన్నమాట. కాని అదే పదానికి కాలక్రమేణా మరో అర్థం కూడా అంటుకున్నది. 'వాయిదా వేస్తున్నాడు' అంటే తప్పించుకు తిరుగుతున్నాడనే ఇప్పుడు మనకు ముందుగా స్ఫురిస్తుంది. మాట ఇవ్వడానికి పుట్టిన పదం మాట తప్పడానికి పేరయింది.

అరబీలో ఈ రెండో అర్థానికి విడిగా ఒక పదం ఉన్నది: 'తస్వీఫ్'. భవిష్యత్తును సూచించే 'సౌఫ' అనే చిన్న అవ్యయం నుండి అది పుట్టింది. 'సౌఫ' క్రియకు ముందు చేరితే 'చేయగలను', 'చేస్తాను' అనే అర్థం వస్తుంది. ఎప్పుడూ 'సౌఫ, సౌఫ' అంటూ ఉండిపోవడమే తస్వీఫ్. ఈ పదాన్ని తెలుగులోకి తేవలసి వచ్చినప్పుడల్లా అనువాదకుడికి చిక్కే. కాలయాపన, జాప్యం, తాత్సారం అని నిఘంటువులు చెబుతాయి. కాని కాలయాపన చేసేవాడికి తాను పని చేయడం లేదన్న సంగతి స్పష్టంగా తెలుసు. తస్వీఫ్ చేసేవాడికి తెలియదు. తాను ఆ పని చేయబోతున్నానని అతడు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. మన ఇళ్ళలో వినిపించే 'చేద్దాంలే' అన్న మాటే దీనికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్నది.

అయితే ఆలస్యమంతా దోషం కాదు. ఈ విషయం ముందే తేల్చుకోకపోతే చర్చ దారి తప్పుతుంది. అనారోగ్యం వల్లనో ప్రయాణం వల్లనో విడిచిన రమజాను ఉపవాసాలను తరువాతి దినాల్లో పూర్తి చేయడానికి షరీఅత్ అనుమతించింది. హజ్రత్ ఆయిషా (రజి) తమపై మిగిలిన ఉపవాసాలను షాబాను మాసంలోగాని పూర్తి చేయలేకపోయేవారని బుఖారీలో ఉన్నది. అంటే దాదాపు పదకొండు నెలల జాప్యం. అందులో తప్పేమీ లేదు. ఎందుకంటే షాబాను దాటితే మళ్ళీ రమజానే, గడువు కళ్ళెదుటే ఉన్నది. అప్పు విషయమూ ఇంతే. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు (అల్ బఖరా: 282) అప్పును గురించినదే. అందులో అల్లాహ్ అప్పును నిషేధించలేదు, తరువాత చెల్లించడాన్నీ నిషేధించలేదు. నిర్ణీత గడువుకు అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు దాన్ని వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశించాడు. గడువు, వ్రాత, సాక్ష్యం: ఈ మూడూ ఉన్న వాయిదా వాగ్దానమవుతుంది. మూడూ లేని వాయిదా తస్వీఫ్ అవుతుంది.

ఆ ఆయతులో గడువుకు వాడిన మాట 'అజలిమ్ ముసమ్మా'. ఇదే మాటను అల్లాహ్ అల్ అన్ఆమ్ సూరాలో (ఆయతు 2) తన వద్ద నిర్ణయించబడిన గడువును చెప్పడానికి వాడాడు. బాకీ గడువూ అజలే, బ్రతుకు గడువూ అజలే. మొదటిదాన్ని మనం వ్రాసుకోగలం. రెండోది వ్రాయబడి ఉన్నది, కాని మనకు చూపించబడదు. గడువు పెట్టకుండా వాయిదా వేసేవాడు మొదటి అజల్‌ను తీసివేసి, పనినంతా రెండో అజల్ మీద వదిలిపెడుతున్నాడు.

హజ్జ్ విషయంలో మన ఫిఖహ్ పండితులు చేసిన చర్చ ఇక్కడ గుర్తు చేసుకోదగినది. స్తోమత కలిగిన వెంటనే హజ్జ్‌కు బయలుదేరాలా, లేక జీవితంలో ఎప్పుడైనా సరేనా? ఇమామ్ అబూ యూసుఫ్ (రహ) వెంటనే అన్నారు. ఇమామ్ ముహమ్మద్ (రహ) ఆలస్యానికి అవకాశమున్నదన్నారు. ఇద్దరూ ఇమామ్ అబూ హనీఫా (రహ) శిష్యులే. కాని ఆలస్యానికి అవకాశమిచ్చిన ఇమామ్ ముహమ్మద్ గారి అభిప్రాయంలో ఒక షరతు ఉన్నది. హజ్జ్ తప్పిపోకూడదు. చేయకుండానే మరణిస్తే ఆ మనిషి పాపి అవుతాడు. 'అవకాశమున్నది' అన్న మొదటి సగాన్ని మాత్రం మనవారు బాగా జ్ఞాపకం పెట్టుకున్నారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు కానీ, ఇల్లు పూర్తి కానీ, ఉద్యోగ విరమణ కానీ అంటూ మోకాళ్ళు అరిగేదాకా ఆగి, ఆ తరువాత చక్రాల కుర్చీలో తవాఫ్ చేసే ముసలివారిని చూస్తే రెండో సగం ఎందుకు చెప్పబడిందో తెలుస్తుంది.

తస్వీఫ్ మనిషిని ఎలా పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) స్వయంగా చెప్పుకున్న వృత్తాంతాన్ని మించినది లేదు. చూపు పోయిన తరువాత చేయి పట్టుకు నడిపించిన కుమారునికి ఆయన దాన్ని వివరంగా చెప్పారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ అది సుదీర్ఘంగా ఉన్నది. కఅబ్ (రజి) సామాన్యులు కారు. అఖబా ప్రమాణంలో పాల్గొన్న అన్సారీ, ఇస్లాం పక్షాన పలికిన కవి. ఆయనది విశ్వాస లోపం కాదు, కపటం అసలే కాదు. అందుకే ఆయన కథ మనకు ఇంత అవసరం.

అది హిజ్రీ 9వ సంవత్సరం (క్రీ.శ. 630), తబూక్ దండయాత్ర సమయం. ఎండలు మండిపోతున్నాయి. మదీనా తోటల్లో పండ్లు పక్వానికి వచ్చాయి, చెట్ల నీడ హాయిగా ఉన్నది. దైవప్రవక్త (స) సాధారణంగా దండయాత్ర గమ్యాన్ని గుప్తంగా ఉంచేవారు. ఈసారి మాత్రం దారి దూరం, శత్రువు బలవంతుడు కనుక ప్రజలు తగిన ఏర్పాట్లు చేసుకోవాలని ముందే బహిరంగంగా ప్రకటించారు. అప్పటికి కఅబ్ గారి స్థితి ఎలా ఉన్నది? అంత ఆరోగ్యంగా, అంత కలిమితో తానెన్నడూ లేనని ఆయనే చెప్పారు. అంతకు ముందు ఎప్పుడూ ఆయన వద్ద రెండు వాహనాలు ఒకేసారి లేవు, ఈసారి ఉన్నాయి.

ప్రతి ఉదయమూ ఆయన ప్రయాణ సన్నాహం చేసుకోవాలని బయలుదేరేవారు. సాయంత్రానికి ఏమీ చేయకుండానే తిరిగి వచ్చేవారు. తలచుకుంటే చేయగలను గదా అని మనసుకు చెప్పుకునేవారు. అలా రోజులు గడిచాయి. ఒక ఉదయం సైన్యం కదిలిపోయింది. ఒకటి రెండు రోజుల్లో సిద్ధమై వెళ్ళి కలుసుకుంటానని అనుకున్నారు. మరునాడు బయటికి వెళ్ళారు, ఏమీ చేయకుండా వచ్చారు. ఆ మరునాడూ అంతే. సైన్యం దూరమైపోయింది. అప్పుడు కూడా వాహనమెక్కి అందుకోవాలని అనుకున్నారట. ఆ పని చేసి ఉంటే ఎంత బాగుండేదో అని ఎన్నో ఏళ్ళ తరువాత చెబుతున్నప్పుడు కూడా ఆయన వాపోయారు. ఆ తరువాత మదీనా వీధుల్లోకి వెళితే ఆయనకు కనిపించినవారు రెండే రకాలు: కపటులన్న నింద మోస్తున్నవారు, అల్లాహ్ మినహాయింపునిచ్చిన అశక్తులు. ఈ రెండు రకాల్లో తానెవరు?

ఇందులో గమనించవలసిన విషయం ఒకటున్నది. కఅబ్ (రజి) ఒక్క రోజు కూడా వెళ్ళకూడదని నిర్ణయించుకోలేదు. వెళ్ళాలని కూడా నిర్ణయించుకోలేదు. ఆయన వద్ద ఉన్నది కోరిక, శక్తి. ఆ శక్తే ఆయనను మోసగించింది. గుర్రం లేనివాడు ఎలా వెళ్ళాలా అని ముందు రోజు నుండే వెతుక్కుంటాడు. ఇంట్లో రెండు వాహనాలున్నవాడికి తొందరేమున్నది? ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు బుఖారీలో ఉన్నది. లేమి కన్నా కలిమి మనిషిని ఎక్కువగా వాయిదా వేయిస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. చేతిలో డబ్బున్నవాడే జకాతు లెక్కను రేపటికి నెట్టగలడు.

అదే సమయంలో మదీనాలో వెనుకబడిన మరో సహచరుడు అబూ ఖైసమా (రజి). సీరత్ గ్రంథాల్లో ఇబ్నె ఇస్‌హాఖ్ (రహ) ఆయన సంగతి చెప్పారు. సైన్యం వెళ్ళిన కొన్ని రోజుల తరువాత ఒక మండుటెండలో ఆయన తన తోటకు వచ్చారు. ఇద్దరు భార్యలూ తమ తమ పందిళ్ళను నీళ్ళు చల్లి చల్లబరిచారు. చల్లని నీరు, వండిన భోజనం సిద్ధంగా ఉన్నాయి. ఆయన పందిరి గుమ్మం వద్దే ఆగిపోయారు. దైవప్రవక్త (స) ఎండలో, వడగాలిలో ఉండగా తాను నీడలో ఉండటం న్యాయం కాదన్నారు. రెండు పందిళ్ళలో దేనిలోనూ అడుగు పెట్టనని, ప్రయాణ సామగ్రి సిద్ధం చేయమని చెప్పి, ఒంటెనెక్కి తబూక్‌లో కలుసుకున్నారు. ఇద్దరూ ఆలస్యమైనవారే. తేడా పందిరి గుమ్మం దగ్గరే వచ్చింది. లోపలికి వెళ్ళి, భోజనం చేసి, ఎండ తగ్గాక బయలుదేరుదామని అబూ ఖైసమా గారు అనుకుని ఉంటే ఏమయ్యేదో కఅబ్ గారి కథే చెబుతున్నది.

దైవప్రవక్త (స) తిరిగి వచ్చాక ఎనభై మందికి పైగా వచ్చి సాకులు చెప్పుకున్నారు. ఆయన వారి మాటలను పైకి స్వీకరించి, లోపలి సంగతి అల్లాహ్‌కు వదిలిపెట్టారు. మాటకారి అయిన కఅబ్ (రజి) కూడా సాకు చెప్పి బయటపడగలిగేవారే. కాని తనకు ఏ కారణమూ లేదని ఉన్నది ఉన్నట్లు చెప్పేశారు. ఫలితంగా ఆయనతోను, మురారా బిన్ రబీ, హిలాల్ బిన్ ఉమయ్యా (రజి) అనే మరి ఇద్దరితోను ఎవరూ మాట్లాడరాదని ఆదేశం వచ్చింది. యాభై రాత్రులు గడిచాయి. గోడ దూకి పినతండ్రి కుమారుడైన అబూ ఖతాదా (రజి) తోటలోకి వెళ్ళి సలాము చేసినా ప్రతి సలాము రాలేదు.

ఆ దినాల్లోనే సిరియా నుండి ధాన్యం అమ్ముకోవడానికి వచ్చిన ఒక వర్తకుడు గస్సాన్ రాజు పంపిన లేఖను ఆయనకు అందించాడు. మీవారు మిమ్మల్ని దూరం చేశారట, మా వద్దకు రండి, ఆదరిస్తామన్నది దాని సారాంశం. కఅబ్ (రజి) దాన్ని చదివి, ఇది మరో పరీక్ష అనుకుని, నేరుగా తందూరు వద్దకు వెళ్ళి అందులో పడేశారు. ఆలోచిద్దామని దాన్ని పెట్టెలో దాచలేదు. కొన్ని వారాల క్రితం రెండు వాహనాలు పెట్టుకుని కూడా ఇల్లు కదలని మనిషి ఈసారి తందూరు దాకా నడవడానికి క్షణం ఆగలేదు. ఈ ఘట్టాన్ని వ్యాఖ్యాతలు సాధారణంగా ఆయన విశ్వాస దృఢత్వానికి ఉదాహరణగా చూపిస్తారు. నిజమే. దానితో పాటు, తస్వీఫ్ రోగం నయమవుతుందన్నదానికి కూడా ఇది నిదర్శనమని నాకు తోస్తుంది. యాభయ్యో రాత్రి తెల్లవారాక సలా కొండ మీద నుండి శుభవార్త వినిపించింది. అత్తౌబా సూరా 118వ ఆయతులో ఆ ముగ్గురి ప్రస్తావన నిలిచిపోయింది.

ఇమామ్ గజాలీ (రహ) 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో తౌబా ప్రకరణంలో తస్వీఫ్ చేసేవాణ్ణి ఒక చెట్టును పెకలించవలసిన మనిషితో పోల్చారు. చెట్టు గట్టిగా ఉన్నదని చూసి, వచ్చే ఏడాది పెకలిద్దామని అతడు వెళ్ళిపోతాడు. ఏటేటా చెట్టు వేళ్ళు లోతుకు పోతాయని, తన బలం తగ్గుతుందని అతనికి తెలుసు. బలమున్నప్పుడు బలహీనమైనదాన్ని పీకలేనివాడు, తాను బలహీనుడై అది బలపడిన తరువాత పీకగలనని అనుకోవడం కన్నా మూర్ఖత్వం ఉండదని ఆయన అభిప్రాయం.

ఈ పోలిక ఊహలో పుట్టినది కాదు. ఆ స్థితిని ఆయన స్వయంగా అనుభవించారు. హి. 484లో (క్రీ.శ. 1091) బాగ్దాదులోని నిజామియా మద్రసాలో ఆచార్య పదవి చేపట్టిన గజాలీ, నాలుగేళ్ళలో ఇస్లామీయ ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధులైన గురువులలో ఒకరయ్యారు. కాని తన బోధన అల్లాహ్ కోసం కాక కీర్తి కోసం సాగుతున్నదని ఆయనకు తెలిసిపోయింది. హి. 488 రజబు మాసం (క్రీ.శ. 1095) నుండి దాదాపు ఆరు నెలల పాటు ఆయన ఊగిసలాడారు. 'అల్ మున్ఖిజ్ మినజ్జలాల్' అనే తమ ఆత్మకథలో ఆ దినాలను దాపరికం లేకుండా వర్ణించారు. ఒక రోజు బాగ్దాదు విడవాలని సంకల్పం, మరునాడు ఆ సంకల్పం సడలింపు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు. ఉదయం పరలోక కాంక్ష పుడితే సాయంత్రానికి లౌకిక వాంఛలు దాన్ని చెదరగొట్టేవి. చివరికి నాలుక మొరాయించింది. శిష్యుల ముందు కూర్చుంటే మాట పెగలలేదు. ఆహారం జీర్ణం కాలేదు, వైద్యులు ఆశ వదులుకున్నారు. అప్పుడు గాని ఆయన కదలలేదు. కుటుంబానికి అవసరమైనంత ఉంచి మిగిలిన సొమ్ము పంచిపెట్టి సిరియాకు ప్రయాణమయ్యారు. ఆ ప్రయాణానంతర సంవత్సరాల్లోనే 'ఇహ్యా' రూపుదిద్దుకున్నది.

జ్ఞానం తక్కువై మనిషి వాయిదా వేయడని చెప్పడానికి గజాలీ గారిని మించిన సాక్షి ఎవరు? ఆయనకు తెలియనిదంటూ లేదు. మన మస్జిదుల్లో జుమా ప్రసంగాలు వినేవారికి కూడా విధులేమిటో చాలామేరకు తెలుసు. మరింత వినడం వల్ల ఈ రోగం తగ్గదు, ఒక్కోసారి పెరుగుతుంది. ప్రసంగం విని కన్నీరు పెట్టుకున్నాక ఏదో చేసినట్లే అనిపించి ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోతాం.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. తొందరపాటు షైతాను నుండి అని హదీసులో లేదా? ఉన్నది. తిర్మిజీ దాన్ని నమోదు చేశారు. నిదానం ఉత్తమ గుణం. అయితే పరలోకానికి సంబంధించిన పనుల్లో నిదానం పనికిరాదన్న మినహాయింపుతో అబూ దావూద్‌లో మరో హదీసు కూడా ఉన్నది. అంతేకాక నిదానానికీ తస్వీఫ్‌కూ పోలిక పైపైనే. నిదానించేవాడు ఏదో ఒకటి తెలుసుకోవడానికి ఆగుతాడు. అది తెలిశాక కదులుతాడు. తస్వీఫ్ చేసేవాడు దేనికోసం ఆగాడో అడిగితే చెప్పలేడు.

దైవప్రవక్త (స) జీవితంలో నిదానం ఎక్కడ ముగుస్తుందో ఉహద్ సందర్భంలో చూడవచ్చు. హిజ్రీ 3వ సంవత్సరంలో (క్రీ.శ. 625) మక్కా సైన్యం వచ్చినప్పుడు ఊళ్ళోనే ఉండి ఎదుర్కోవాలా, బయటికి వెళ్ళాలా అని ఆయన సహచరులను సంప్రదించారు. ఆయన మొగ్గు ఊళ్ళో ఉండటం వైపే. బద్ర్‌లో పాల్గొనలేకపోయిన యువకులు బయటికి వెళ్దామని పట్టుబట్టారు. ఆయన అంగీకరించి ఇంట్లోకి వెళ్ళి కవచం తొడుక్కుని వచ్చారు. ఈలోగా వారు పశ్చాత్తాపపడి, మీ ఇష్టప్రకారమే ఊళ్ళో ఉందామన్నారు. కవచం తొడిగిన ప్రవక్తకు యుద్ధం తేలకుండా దాన్ని విప్పడం తగదని ఆయన సెలవిచ్చారు. ఆ యుద్ధంలో డెబ్భై మంది అమరులైనారు. తరువాత అవతరించిన ఆయతు (ఆలి ఇమ్రాన్: 159) సంప్రదింపులను రద్దు చేయలేదు. వారితో సంప్రదించమనే ఆదేశించింది. ఆ వెంటనే, సంకల్పించుకున్న తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నది. ముందు మష్వరా, తరువాత అజ్మ్, ఆ తరువాత తవక్కుల్. మనవారు తరచు మధ్యమాటను జారవిడుస్తారు. సలహాలు అడిగి, నిర్ణయం తీసుకోకుండానే అల్లాహ్‌పై భారం వేస్తారు. నిర్ణయమే లేనప్పుడు ఆ భారం ఏమిటన్నది వారే చెప్పాలి.

ఇస్తిఖారా నమాజుకు కూడా ఇదే గతి పట్టింది. జాబిర్ (రజి) ఉల్లేఖనం ప్రకారం ఏదైనా పని తలపెట్టినప్పుడు రెండు రకాతులు చేసి, ఇందులో మేలుంటే సులభం చేయమని, కీడుంటే తప్పించమని వేడుకోవాలి. ఆ హదీసులో కల ప్రస్తావన లేదు. సలహాలన్నీ విన్నాక నిర్ణయించుకుని, దుఆ చేసి, అడుగు ముందుకు వేయడమే ఇస్తిఖారా. ఆకుపచ్చ రంగు కనిపించలేదని, కల రాలేదని సంబంధాలను నెలల తరబడి నాన్చి, అవతలివారి ఆడపిల్లను ఎటూ కాకుండా నిలబెట్టే ఆచారం ఎక్కడి నుండి వచ్చిందో గాని హదీసు నుండి మాత్రం రాలేదు.

'ఇన్షా అల్లాహ్' మాట చెప్పనక్కరలేదు. రేపు చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ చిత్తాన్ని కలిపి చెప్పమని అల్ కహఫ్ సూరాలో (23, 24 ఆయతులు) ఆదేశం ఉన్నది. అది మాట ఇచ్చేవాడి వినయానికి గుర్తు. మన బజార్లలో ఇప్పుడు బాకీదారు 'ఇన్షా అల్లాహ్' అన్నాడంటే డబ్బు రాదని అప్పిచ్చినవాడు గ్రహించేస్తాడు. ఆ పవిత్ర వాక్యానికి మనం చేసిన అన్యాయం ఇది. అల్లాహ్ పేరుతో చెప్పిన మాటకు తేదీ కూడా చెప్పాలి గదా!

ఇక మన జీవితాల్లో తస్వీఫ్ ఎక్కడ గూడు కట్టుకుంటున్నదో చూద్దాం. అడిగేవాడు లేనిచోటనే. కరెంటు బిల్లును ఎవరూ ఏళ్ళ తరబడి వాయిదా వేయరు, తీగ కత్తిరిస్తారు. వారసత్వ ఆయతుల్లో (అన్నిసా: 11, 12) వీలునామా, అప్పు తీరిన తరువాతనే పంపకం అని పదే పదే చెప్పబడింది. అమలులో అప్పు ముందు, వీలునామా తరువాత. అయినా ఆయతుల్లో వీలునామానే ముందు ఎందుకు ప్రస్తావించారని వ్యాఖ్యాతలు ప్రశ్నించుకుని, అప్పుకు అడిగేవాడుంటాడు, వీలునామాకు గట్టిగా అడిగేవాడుండడు, కనుక జనం దాన్ని నిర్లక్ష్యం చేస్తారని జవాబిచ్చారు. మానవ స్వభావాన్ని ఎరిగిన జవాబు.

అప్పు విషయం చూడండి. చెల్లించగల స్తోమత ఉండి జాప్యం చేయడం జుల్మ్ అని దైవప్రవక్త (స) ఖండించారు. జాబిర్ (రజి) ఉల్లేఖించగా ముస్నద్ అహ్మద్‌లో నమోదైన సంఘటన ఇది. ఒక వ్యక్తి జనాజా తీసుకురాగా అతనిపై రెండు దీనార్ల అప్పు ఉన్నదని తెలిసి దైవప్రవక్త (స) వెనుదిరిగారు. అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తనపై వేసుకున్న తరువాతనే నమాజు చేయించారు. కథ అక్కడ ముగియలేదు. ఒక రోజు గడిచాక ఆ రెండు దీనార్లు ఏమయ్యాయని ఆయన అబూ ఖతాదాను అడిగారు. అతను చనిపోయింది నిన్ననే గదా అని జవాబు వచ్చింది. మరునాడు చెల్లించేశానని చెప్పగా, ఇప్పుడు అతని చర్మానికి చల్లదనం లభించిందన్నారు. ఒక్క రోజు ఆలస్యం గురించి జరిగిన విచారణ ఇది, అదీ మేలు చేయడానికి ముందుకు వచ్చిన మనిషితో. ఆ ఒక్క రోజును సమాధి లోపలి నుండి కొలిచారు.

మహర్ అంతకన్నా బాధాకరమైన సంగతి. నికాహ్ పత్రంలో మహర్ రెండు రకాలుగా వ్రాస్తారు. 'ఐన్' అక్షరంతో వ్రాసే ముఅజ్జల్ వెంటనే చెల్లించవలసినది. 'హమ్జా'తో వ్రాసే ముఅజ్జల్ గడువు మీద చెల్లించవలసినది. మన నోట రెండూ ఒకే విధంగా పలుకుతాయి, తెలుగు లిపిలోనూ ఒకే విధంగా కనిపిస్తాయి. ఆచరణలో కూడా రెండూ ఒకటే అయిపోయాయి, ఎప్పటికీ చెల్లించనిదిగా! రెండో ముఅజ్జల్‌లో ఉన్నది పైన చెప్పుకున్న 'అజల్' పదమే. తేదీ వ్రాయకపోతే హనఫీ ఫిఖహ్ ప్రకారం అది తలాఖ్‌తో గాని మరణంతో గాని చెల్లింపుకు వస్తుంది. అంతదాకా చెల్లించని భర్తపై చట్టరీత్యా దోషం లేకపోవచ్చు. కాని జనాజా ఇంటి నుండి కదలబోతుండగా, ఏడుస్తున్న వితంతువును పట్టుకు తెచ్చి మహర్ మాఫ్ చేశానని అనమని బంధువులు చెప్పే దృశ్యం మన ఊళ్ళలో చూడనివారెవరు? స్త్రీలు మనస్ఫూర్తిగా వదులుకుంటేనే అది మీకు ధర్మసమ్మతమని ఖుర్ఆన్ (అన్నిసా: 4) షరతు పెట్టింది. శవం పక్కన నలుగురి మధ్య అనిపించిన మాట మనస్ఫూర్తి అవుతుందా? ఆమె కాదనగలదా? ముప్పై ఏళ్ళు కలిసి బ్రతికిన మనిషి, ప్రతి ఏడూ కొంత చొప్పున ఇచ్చి ఉంటే ఆ పరీక్ష ఆమెకు వచ్చేది కాదు. తేదీ వ్రాయని మహర్‌కు ఈనాడైనా తేదీ వ్రాసుకోవచ్చు. నెలకు ఇంత అని మొదలుపెట్టవచ్చు. మొదటి వాయిదా ఆమె చేతిలో పడిన రోజు నుండి అది మళ్ళీ వాగ్దానమవుతుంది.

విడిచిన నమాజులున్నవారికి మన ఉలమా చెప్పే పద్ధతి కూడా ఇటువంటిదే. సంవత్సరాల లెక్క చూసి బెంబేలెత్తి కూర్చోకుండా, ఒక అంచనా వేసుకుని, ప్రతి ఫర్జ్ నమాజుతో పాటు అదే పూట నమాజు ఒకటి ఖజా చేసుకుంటూ పోవాలి. ఎన్ని సంవత్సరాలవి విడిచారో అన్ని సంవత్సరాల్లో తీరిపోతాయి. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణ అల్లాహ్‌కు ప్రియమైనదని హదీసు చెబుతున్నది. ఈ పద్ధతిలో వేరే ఉత్సాహం, వేరే తీరిక వెతుక్కోనక్కరలేదు. జొహర్ వేళ ఎలాగూ వజూ చేసి నిలబడతారు, మరో నాలుగు రకాతులు ఎక్కువ.

వీలునామాకు మాత్రం దైవప్రవక్త (స) గడువును సంఖ్యలోనే చెప్పారు. వ్రాయవలసిన విషయమున్న ముస్లిం, వీలునామా వ్రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు గడపడం తగదన్నారు. ఆ మాట విన్న నాటి నుండి తన వద్ద వీలునామా లేకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదని దాన్ని ఉల్లేఖించిన అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) చెప్పారు. ఇంత స్పష్టమైన గడువును మనం యాభై, అరవై ఏళ్ళకు పొడిగించుకున్నాం. వీలునామా అంటే ఆస్తిపరుల వ్యవహారమనో, వ్రాస్తే చావు దగ్గరికి వస్తుందనో ఒక అపోహ ఉన్నది.

నిజానికి అది ఒక కాగితం పని. మన దేశంలో ముస్లిం వీలునామాకు స్టాంపు కాగితం అవసరం లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మామూలు కాగితం మీద తేదీ వేసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుంటే వివాదాలకు తావుండదు. ఎవరికి ఎంత బాకీ ఉన్నదీ, ఎవరి నుండి ఎంత రావలసినదీ ముందు వ్రాయాలి. తన వద్ద ఉన్న ఇతరుల అమానతులు, భార్యకు ఇవ్వవలసిన మహర్, చెల్లించని జకాతు, ఉపవాసాల ఫిద్యా, చేయని హజ్జ్ వీటిని పేర్కొనాలి. ఇతరులకు గాని ధర్మకార్యాలకు గాని ఇవ్వదలచినది ఖనన ఖర్చులు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడోవంతు మించకూడదు. తక్కిన వారసులు ఒప్పుకుంటే తప్ప వారసునికి వీలునామా చెల్లదు. ఎవరికీ ఏమీ ఇవ్వదలచుకోనివారికి కూడా మొదటి భాగం, అంటే బాకీల జాబితా అవసరమే. తండ్రి మరణించాక నలుగురు వచ్చి నాలుగు లెక్కలు చెబుతుంటే ఏది నిజమో తెలియక పిల్లలు తలలు పట్టుకోవడానికి కారణం చాలాసార్లు ఆ జాబితా లేకపోవడమే.

పరిస్థితులు మారినప్పుడల్లా పాత కాగితాన్ని చించి కొత్తది వ్రాసుకోవచ్చు, జీవించి ఉన్నంతకాలం ఆ హక్కు వ్రాసినవారిదే. బాకీలు తీరినప్పుడు వాటిని కొట్టివేసి పక్కన తేదీ వేయాలి. కాగితం ఎక్కడ ఉంచారో ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచాలి.